ఆ 28 ఏళ్ల లెక్క సరిచేయండి: డబ్ల్యూడబ్ల్యూఈకి ఒక బహిరంగ లేఖ

అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ యాజమాన్యానికి, గొప్ప రెజ్లర్లకు మీరిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి పేర్లు ఎంపిక చేసే పెద్దలకు,

నమస్కారం.

2023 సెప్టెంబర్ 8న మీరు మా హైదరాబాద్ వచ్చి గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో షో పెట్టారు. జాన్ సీనాని చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువమంది, అందులో దాపరికం ఏమీ లేదు. అయినా రియా రిప్లీ, నటాల్యా టైటిల్ కోసం గోదాలోకి దిగినప్పుడు కూడా గొంతులు అంతే లేచాయి. ఒకప్పుడు టీవీలో ఆడవాళ్ల మ్యాచ్ వచ్చిందంటే మా ఇళ్లలో మంచినీళ్లు తాగి రావడానికి, హోంవర్క్ ఒక పేజీ గీకెయ్యడానికి అదే టైము. అక్కడి నుంచి ఇక్కడికి రావడం చిన్న మార్పు కాదు. దానికి మీకు దక్కాల్సిన మెచ్చుకోలు దక్కాల్సిందే.

నా పేచీ అంతా ఆ మార్పు గురించి మీరు చెప్పే కథతో. 2015లో ఆడవాళ్ల రెజ్లింగ్‌లో విప్లవం మొదలైందన్నారు. 2019లో మీ ఏటేటా జరిగే పెద్ద షో రెసిల్‌మేనియాలో చివరి మ్యాచ్ మొదటిసారి ఆడవాళ్లదైందని గొప్పగా చాటారు. మరి అంతకుముందు ఏముంది? మీ అధికారిక టైటిల్ చరిత్ర తెరిస్తే మొదటి వరుసలోనే సమాధానం కనిపిస్తుంది. 1956 సెప్టెంబర్ 18న ఫ్యాబ్యులస్ మూలా ఛాంపియన్ అయింది, 1984 జూలై 23న వెండీ రిక్టర్ చేతిలో ఓడింది. మధ్యలో ఇంకెవరూ లేరు. ఇరవై ఎనిమిదేళ్లు ఒక్కరే!

ఆ లెక్క తప్పు. తప్పని మీకూ తెలుసు. దాన్ని దిద్దమని అడగడానికే ఈ ఉత్తరం.

ఎవరు గెలవాలో ముందే రాసుకునే ఆటలో లెక్క తప్పితే కొంప మునిగిందా అని ఈ ఉత్తరం చదివేవాళ్లలో కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. కానీ మా తరానికి మీ అంకెలే మొదటి పాఠాలు. తొంభైల్లో, రెండువేలల్లో తెలుగు ఊళ్లలో పెరిగిన పిల్లల జేబుల్లో మీ రెజ్లర్ల బొమ్మలున్న కార్డుల కట్ట ఉండేది. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఎన్ని ఫైట్లు చేశాడు, ఎన్ని గెలిచాడు. రీసెస్‌లో బడి మెట్ల మీద కూర్చుని "బరువు!" అని అరిచేవాడొకడు, అవతలివాడు తన కార్డు ఒక్క క్షణం గుండెకి ఆనించుకుని, పెదవి విరిచి అప్పగించేవాడు. ఎక్కాలు రాని వాడికి కూడా అండర్‌టేకర్ ఎత్తు తెలుసు. ఆ అంకెల్లో ఎన్ని కల్పితాలో పెద్దయ్యాక తెలిసింది, కార్డులు అచ్చేసినవాడి మీద కోపం రాలేదు. కానీ మీరు గల్లీ ప్రింటింగ్ ప్రెస్సు కాదు కదా. చరిత్ర అని పేరు పెట్టి, హాల్ ఆఫ్ ఫేమ్ కట్టి, సన్మానాలు చేస్తున్నవాళ్లు. కథలో ఎవరు గెలవాలన్నది మీ ఇష్టం. ఏ రాత్రి ఏ ఊళ్లో ఎవరి చేతికి ఛాంపియన్ బెల్టు ఇచ్చారన్నది మాత్రం జరిగిపోయిన సంగతి.

జరిగిన సంగతే చూద్దాం. 1966లో బెటీ బౌచర్ మూలాని ఓడించి బెల్టు తీసుకుంది. 1968లో జపాన్‌లో యుకికో తొమొయె తీసుకుంది. 1976లో స్యూ గ్రీన్, 1978లో ఎవలిన్ స్టీవెన్స్. ప్రతిసారీ బెల్టు త్వరలోనే మళ్లీ మూలా దగ్గరికి చేరిన మాట నిజమే. కానీ రెండు రోజులున్నా ఛాంపియన్ ఛాంపియనే. మగవాళ్ల టైటిళ్లలో నిమిషాలు మాత్రమే బెల్టు ఉన్నవాళ్లని కూడా మీరు వరుస సంఖ్యతో రాస్తారు. ఈ నలుగురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్నులో సిరా అయిపోయింది.

అసలు 1956లో ఏం జరిగింది? బాల్టిమోర్‌లో పదముగ్గురు ఆడవాళ్లతో బ్యాటిల్ రాయల్ (అందరూ ఒకేసారి దిగి చివరిదాకా మిగిలినవాళ్లు గెలిచే పోటీ) పెట్టారు, మూలా గెలిచింది. కానీ ఆ రోజుకి జూన్ బయర్స్ కూడా ఛాంపియన్‌గానే తిరుగుతోంది. ఆమె 1964లో రిటైరయ్యాకే మూలాకి పోటీ లేని గుర్తింపు దక్కింది. అంటే మీ 28లో మొదటి ఎనిమిదేళ్ల మీద కూడా పేచీ ఉంది.

ఇక ఆ అంకె ఎందుకు పుట్టిందో మీకు నేను చెప్పాలా? 1984లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వెండీ రిక్టర్ పక్కన గాయని సిండీ లాపర్‌ని నిలబెట్టి ఎంటీవీలో లైవ్ ఇచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరూ కదపలేని మనిషిని ఒక కొత్త పిల్ల పడగొడుతోంది అంటే టికెట్ తెగుతుంది. ఆరేళ్ల కిందట కూడా ఓడింది అంటే ఎవడు చూస్తాడు? ప్రకటనగా బాగా పనిచేసింది. ప్రకటన పని అయిపోయాక దాన్ని గోడ మీద నుంచి దింపాలి కదా, మీరు దాన్నే చరిత్ర చేసి ఫ్రేము కట్టించారు.

ఆ రిక్టర్‌కి మీరు చేసిందీ చెప్పుకోవాలి. మా ఊళ్లో ఏ పాత అభిమానినైనా అడగండి, 1997లో మాంట్రియల్‌లో ముందు అనుకున్న ఫలితాన్ని చెప్పకుండా మార్చి ఛాంపియన్ బ్రెట్ హార్ట్‌ని ఎలా మోసం చేశారో నిన్న జరిగినట్టు చెబుతాడు. అదే పని అంతకు పన్నెండేళ్ల ముందు, 1985 నవంబర్ 25న, రిక్టర్ మీద జరిగింది. డబ్బు దగ్గర, కాంట్రాక్టు దగ్గర మాటామాటా వచ్చింది. స్పైడర్ లేడీ అని ముసుగేసుకుని ఒకామె రింగ్‌లోకి వచ్చింది, రిక్టర్ భుజం నేల మీంచి లేపినా రెఫరీ గబగబా మూడు లెక్కపెట్టి ఆమె ఓడినట్టు తేల్చేశాడు. ముసుగు లాగితే లోపల మూలా. బ్రెట్ హార్ట్ గురించి గంటల కొద్దీ కార్యక్రమాలు చేశారు. రిక్టర్‌ది ఎంతమందికి తెలుసు?

ఇదంతా 1956 తర్వాతి గొడవ. ఆ గీతకి అవతల ఉన్నవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కోరా లివింగ్‌స్టన్ ఛాంపియన్‌గా ఊరూరా తిరిగింది. ఆమెని ఒక్క వాక్యంలో దాటేస్తున్నందుకు బాధగానే ఉంది కానీ నాకు మిల్‌డ్రెడ్ బర్క్ గురించి తీరిగ్గా చెప్పాలని ఉంది.

1915లో కాన్సాస్‌లోని కాఫీవిల్‌లో పుట్టింది. హోటల్లో వెయిట్రెస్‌గా చేసింది. పెళ్లి విరిగింది, చంకలో పసివాడు. అమెరికాలో పనులు దొరక్క జనం రోడ్డున పడ్డ కాలం. బిల్లీ వుల్ఫ్ అనే కుస్తీవాడి దగ్గరికి వెళ్లి నాకూ నేర్పమంది. ఈ పిచ్చి వదిలిద్దామని అతను ఒక కుర్రాడికి సైగ చేశాడట, గట్టిగా ఎత్తి కుదెయ్యమని. ఆమే ఆ కుర్రాణ్ణి ఎత్తి కుదేసింది. ఇది ఆమె చెప్పుకున్న కథ. రెజ్లర్లు చెప్పే కథల్లో ఉప్పుకారం ఎక్కువే ఉంటుందని తెలిసీ నాకు ఇది నమ్మాలనిపిస్తుంది.

తర్వాత వుల్ఫ్‌నే పెళ్లి చేసుకుంది. 1935 నుంచి కార్నివాల్‌లతో పాటు తిరిగింది. మన ఎగ్జిబిషన్లలాగే ఊరి బయట దిగే గుడారాలు. వాటిలో ఒక గుడారం ముందు చెక్క మెట్టు మీద అయిదడుగుల రెండంగుళాల ఈ మనిషిని నిలబెట్టేవారు. పక్కన ఒకడు గొంతు చించుకునేవాడు: ఈమెని పది నిమిషాల్లో చిత్తు చేసిన మగాడికి 25 డాలర్లు! షరతు ఒకటే, వచ్చేవాడు ఆమె కంటే మరీ బరువు ఉండకూడదు. కూలిపని చేసి కండలు పెంచినవాళ్లు, పక్కనున్న స్నేహితుల ముందు మీసం తిప్పినవాళ్లు, కడుపు కాలి ఆ పాతిక డాలర్ల కోసమే వచ్చినవాళ్లు లైను కట్టేవారు. వాళ్లకి ఎవరూ స్క్రిప్టు ఇవ్వలేదు. ఓడిపోమని వాళ్లతో ముందే మాట్లాడుకోలేదు. అలా రెండువందల మందికి పైగా మగవాళ్లతో పట్టుబట్టి ఒక్కసారే ఓడానని చెప్పుకుంది. మీ ఆటలో నిజమెంత అని అడిగేవాళ్లకి చూపించాల్సిన మొదటి బొమ్మ ఈమెది.

1937 జనవరిలో టెనెసీలోని చట్టనూగాలో క్లారా మోర్టెన్సెన్‌ని ఓడించి ప్రపంచ టైటిల్ అందుకుంది. అప్పటి నుంచి పదిహేడేళ్ల పాటు మహిళల రెజ్లింగ్ అంటే బర్క్. తెల్లటి దుస్తులు, రాళ్లు పొదిగిన గౌను, దాని లోపల చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేని కండలు. మగవాళ్లున్న షోల్లోనే ఆమె పేరు పోస్టర్ మీద పైన ఉన్న రోజులున్నాయి. చివరి మ్యాచ్ ఆడవాళ్లకి దక్కడం 2019లో కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

సంపాదన మాత్రం భర్త చేతుల మీదుగా వెళ్లేది. వుల్ఫ్ దగ్గర పదుల సంఖ్యలో అమ్మాయిలు పనిచేసేవారు, అందరి రాబడిలోంచి పెద్ద వాటా అతనిదే. తనను కొట్టేవాడని బర్క్ తర్వాత చెప్పింది. అతని పద్ధతి ఎలాంటిదో తెలియాలంటే జానెట్ వుల్ఫ్ సంగతి చాలు. అతని పెంపుడు కూతురు, పద్దెనిమిదేళ్లు. 1951 జూలైలో ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో ఒక మ్యాచ్ ఆడి దిగి తలనొప్పి అంది. అయినా అదే రాత్రి జట్లుగా ఆడే ట్యాగ్ మ్యాచ్‌కి మళ్లీ ఎక్కింది. రింగ్ అంచున తాడు పట్టుకుని నిలబడ్డ పిల్ల అక్కడే కుప్పకూలింది. బతకలేదు.

బర్క్ విడాకులు తీసుకుంది. 1953లో వ్యాపారాన్ని అతని దగ్గర 30,000 డాలర్లకు కొనుక్కుంది, అయిదేళ్లు ఈ రంగంలోకి రానని అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు ఊరుకోలేదు. ప్రమోటర్ల సంఘం ఎన్‌డబ్ల్యూఏ ఆడమనిషిని సభ్యురాలిగా చేర్చుకోలేదు, కాబట్టి ఎవరి వైపు నిలబడతారన్నది వేరే చెప్పనక్కర్లేదు. 1954 ఆగస్టు 20న అట్లాంటాలో ఆమెకీ జూన్ బయర్స్‌కీ మ్యాచ్. బయర్స్ ఎవరనుకున్నారు? వుల్ఫ్ కోడలే. మూడింటిలో రెండు గెలవాలి. ముందు అనుకున్న ఫలితం లేదు, నిజమైన కుస్తీ. మోకాలు బాగాలేక బర్క్ మొదటిది వదులుకుంది. రెండోది ఎంతకీ తేలలేదు, అధికారులు ఆపేశారు. రెండు ఓడలేదు కాబట్టి టైటిల్ నాదేనని బర్క్ అనుకుంది. తెల్లారి పత్రికల్లో బయర్స్ గెలిచినట్టు వచ్చింది.

అక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. అదే ఏడాది నవంబర్‌లో బర్క్ కొందరు అమ్మాయిల్ని వెంటేసుకుని జపాన్ వెళ్లింది. అక్కడ ఆడవాళ్ల రెజ్లింగ్ ఊపందుకున్నది ఆ పర్యటనతోనే. ఆమె పెట్టుకున్న సంస్థ టైటిలే తర్వాత ఆల్ జపాన్ విమెన్స్ అనే అక్కడి రెజ్లింగ్ సంస్థ వారి ఎర్ర బెల్టు అయింది. 1990ల మొదట్లో ఆ ఎర్ర బెల్టు కట్టిన బుల్ నకానోని మీరు 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ బెల్టు ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో మీ చూపరులకి ఒక్క వాక్యం చెప్పడానికి ఏమైంది?

బర్క్‌తో పాటు ఆ జపాన్ ప్రయాణంలో మే యంగ్ కూడా ఉంది. ఆమె మా తరానికి బాగా తెలుసు, తెలియాల్సిన విధంగా మాత్రం కాదు. 2000లో డెబ్బై ఏళ్లు దాటిన ఆ పెద్దావిడని మీ రెజ్లర్ బబ్బా రే డడ్లీ టేబుల్ మీదకి ఎత్తి వేస్తే మేం ఇంట్లో కిందా మీదా పడి నవ్వాం. ఆమె ఎవరో, ఎన్ని దేశాల్లో ఎన్ని దెబ్బలు తిని వచ్చిందో అప్పుడు మీరు చెప్పలేదు. తర్వాత ఆమె పేరుతో టోర్నమెంట్ పెట్టారు, అది మంచి పని.

1954లోనే మా దేశంలో ఇంకొకామె ఉంది. అలీగఢ్ హమీదా బాను. నన్ను కుస్తీలో ఓడించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానని ఆ ఫిబ్రవరిలో ప్రకటించింది. పాటియాలా పహిల్వాన్, కలకత్తా పహిల్వాన్ ఇద్దరూ ఆమె చేతిలో ఓడారు. మే నెలలో బరోడాలో ఛోటే గామా ఆఖరి నిమిషంలో ఆడదానితో దిగనని వెనక్కి తగ్గాడు. బదులుగా దిగిన బాబా పహిల్వాన్ ఒక నిమిషం 34 సెకన్లు నిలబడ్డాడు. 108 కిలోల మనిషి, రోజుకి ఆరు గంటల సాధన. ఆమె తిండి గురించి పత్రికలు రాసిన జాబితాలో లీటర్ల కొద్దీ పాలు, రెండు ప్లేట్ల బిర్యానీ ఉన్నాయి (హైదరాబాదీగా ఆ రెండో సంగతి నాకు ప్రత్యేకంగా నచ్చింది). బొంబాయిలో రష్యా నుంచి వచ్చిన వేరా చిస్టిలిన్‌ని నిమిషం లోపు చిత్తు చేసింది. కొల్హాపూర్‌లో మగాణ్ణి ఓడించినందుకు జనం రాళ్లేశారు. పుణెలో ఆమె కుస్తీ ఆపేస్తే ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఫిర్యాదు చేసింది. యూరప్ వెళ్లి కుస్తీ పడతానంది. వెళ్లకుండా ఆమె గురువే చెయ్యి విరగ్గొట్టాడని ఆమె కుటుంబం వాళ్లు తర్వాత చెప్పారు. ముంబై దగ్గర కల్యాణ్‌లో పాలు అమ్ముకుని బతికి 1986లో పోయింది.

ఆమె పట్టింది మట్టి కుస్తీ కదా, మాకేం సంబంధం అంటారేమో. టికెట్లు అమ్మి, పోస్టర్లు వేసి, సవాళ్లు విసిరి జనాన్ని రప్పించే ఆట అది. బర్క్ గుడారానికీ దానికీ పెద్ద తేడా లేదు. పైగా 2018లో మీరు దారా సింగ్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో పాతతరం వాళ్ల కోసం పెట్టిన లెగసీ విభాగంలో చేర్చుకున్నారు. మా ఇళ్లలో ఆయన టీవీ హనుమంతుడిగానే ఎక్కువ తెలుసు, ఆయన్ని గౌరవించినందుకు సంతోషించాం. ఆయనకున్న దారి హమీదా బానుకి ఎందుకు లేదు?

లెగసీ విభాగం అన్నాను కాబట్టి దాని గురించీ ఒక మాట. బర్క్‌ని 2016లో, బయర్స్‌నీ మరో పాతతరం రెజ్లర్ జూడీ గ్రేబుల్‌నీ 2017లో అందులోనే చేర్చారు. వేదిక మీద పరిచయం లేదు, ప్రసంగం లేదు, చిన్న వీడియోలో పది మంది ఫొటోల మధ్య ఒక ఫొటో. 2021లో ఎథెల్ జాన్సన్ వంతు వచ్చింది. ఒహాయోలోని కొలంబస్ నుంచి యాభైల మొదట్లో గోదాలోకి దిగిన ముగ్గురు నల్లజాతి అక్కచెల్లెళ్లలో ఆమె ఒకరు. బాబ్స్ వింగో, మార్వా స్కాట్ మిగిలిన ఇద్దరు. దక్షిణ రాష్ట్రాల్లో హోటల్ గది ఇవ్వరు, భోజనం బల్ల దగ్గర కూర్చోనివ్వరు, రాత్రికి మాత్రం వాళ్ల ఆట చూడ్డానికి టికెట్ కొంటారు. ముగ్గురూ కలిసి తెరిచిన దారిలో ఒక్కరినే లోపలికి పిలిచి ఇద్దర్ని గడప బయట నిలబెట్టడం ఏం పద్ధతి?

మూలా మీద నాకు పగేమీ లేదు. న్యూయార్క్‌లో ఆడవాళ్ల రెజ్లింగ్ మీద నిషేధం 1972 దాకా ఉండేది, అది తొలిగాక మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదట దిగినవాళ్లలో ఆమె ఉంది. అరవై దాటినా రింగ్ వదలని మొండి మనిషి. అదే మనిషి తన దగ్గర నేర్చుకున్న అమ్మాయిల సంపాదనలో పాతిక శాతం పైన పట్టుకునేదని, ఇంకా దారుణంగా వాడుకుందని అనేకమంది ఆరోపించారు, కొందరు ఆమెని వెనకేసుకొచ్చారు. 2018 మార్చిలో ఆమె పేరుతో రెసిల్‌మేనియాలో బ్యాటిల్ రాయల్ ప్రకటించారు. అభిమానులు భగ్గుమన్నారు, స్పాన్సరైన చాక్లెట్ కంపెనీ స్నికర్స్ కూడా అభ్యంతరం చెప్పింది. మూడు రోజుల్లో పేరు తీసేశారు. ఎందుకు తీశారో మాత్రం చెప్పలేదు. చాక్లెట్ కంపెనీ చెబితే మూడు రోజులు పట్టింది. అభిమానులు దశాబ్దాలుగా చెబుతున్న లెక్క మాత్రం అలాగే ఉంది.

పేరు చెరిపేయమని ఇప్పుడు నేను అడగడం లేదు. చెరపడం మీకు బాగా వచ్చు. ఉన్నవాళ్లందర్నీ రాయమంటున్నాను. బర్క్‌కి పూర్తిస్థాయి గౌరవం ఇవ్వండి, వుల్ఫ్ ఏం చేశాడో దాచకుండా. బాబ్స్ వింగో, మార్వా స్కాట్ పేర్లు వాళ్ల తోబుట్టువు పక్కన పెట్టండి. హమీదా బాను పేరు పరిశీలించండి, మళ్లీ భారత్ వచ్చినప్పుడు ఆమె గురించి అయిదు నిమిషాల వీడియో వేయండి, తెలుగు కామెంటరీ ఉంటే మరీ సంతోషం.

వీటికి కమిటీలు, బడ్జెట్లు, వేదికలు కావాలి, టైము పడుతుందని తెలుసు. టైటిల్ చరిత్ర పేజీ దిద్దడానికి అవేవీ అక్కర్లేదు. ఆఫీసులో ఒక మనిషి ఒక పూట కూర్చుంటే చాలు. బెటీ బౌచర్ 1966, యుకికో తొమొయె 1968, స్యూ గ్రీన్ 1976, ఎవలిన్ స్టీవెన్స్ 1978. ముందు ఈ నాలుగు వరుసలు ఎక్కించండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పాత రెజ్లింగ్ అభిమాని